బహ్రెయిన్‌లో ఒక పూట భోజనం

సంచిలో నేను పెట్టేది పెడుతూనే ఉన్నాను, సువార్త తీసేది తీస్తూనే ఉంది. రెండు చీరలు, లంగా, తువాలు, బీపీ మాత్రలు, పళ్ళపొడి, స్వెట్టరు. తువాలు, స్వెట్టరు, మాత్రలు ఉంచి మిగతావన్నీ మంచం మీదికి గిరాటేసింది.

"మధ్యాహ్నం భోంచేసి సాయంత్రానికి ఇంటికొచ్చేదానికి చీరలెందుకక్కా? అక్కడేమన్నా కాపురం పెడతామా?"

"విమానం ఆగిపోతే?"

"ఆగిపోతే సముద్రంలో పడతాం. అప్పుడు చీరలతో అసలే పని లేదు."

ఇలాగే మాట్లాడుతుంది. నా తర్వాత పదేళ్ళకు పుట్టింది. పదిహేడేళ్ళప్పుడు నర్సు చదువుకని కర్ణాటక వైపు మిషన్ ఆసుపత్రికి వెళ్ళి, చదువయ్యాక అక్కడే ఉద్యోగంలో చేరి, పెళ్ళి కూడా చేసుకోకుండా నలభై ఏళ్ళు అక్కడే గడిపేసింది. సెలవుల్లో వచ్చిన నాలుగు రోజులు తప్ప మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది లేదు. రిటైరయ్యాక మా అబ్బాయి జడ్సన్ దోహాకు విజిట్ వీసా తీశాడు. తొంభై మూడు క్రిస్మస్‌కు వచ్చింది. ముషైరిబ్‌లో మా రెండు గదుల ఇంట్లో, నా మంచం పక్కనే ఆమెకూ మంచం వేశాం. తెల్లారి లేచి చూస్తే పక్కన చెల్లెలుంటుంది. అది నా వయసులో ఎంత పెద్ద సంగతో ఎవరికి చెప్పను!

పైగా ఆమె ఇక్కడే ఉండిపోయే మార్గం ఒకటి కనపడింది. జడ్సన్ పనిచేసే కంపెనీకి అల్ రయ్యాన్‌లో కూలీల క్యాంపు ఉంది. ఆ క్యాంపు క్లినిక్‌కు పెద్ద వయసు నర్సు కావాలని జనరల్ మేనేజరు హార్డింగ్ దొర అన్నాడట. కుర్ర నర్సులు ఏడాదికే మానేస్తున్నారట. ఆయన ఒకసారి సువార్తను చూసి మాట్లాడితే చాలు, వీసా మార్పించేస్తామన్నారు. ఆయన చూసేదెక్కడ? అదిగో, ఆ బహ్రెయిన్ భోజనంలో.

ఉమ్ సలాల్ దగ్గర నీళ్ళ పంపుల పని గడువుకు ముందే పూర్తయిందని కంపెనీ సంబరం చేసుకుంటోంది. చిన్న విమానం అద్దెకు తీసుకుని, దోహా మీదా సముద్రం మీదా తిప్పి చూపించి, బహ్రెయిన్ ద్వీపంలో ఒక ద్రాక్షతోటలో భోజనం పెట్టి, సాయంత్రానికి దింపేస్తారట. దొరకు వైన్ ఇష్టం. దోహాలో నలుగురిని పిలిచి అది పోయడం కుదరదు కదా, అందుకని ద్వీపానికి తీసుకెళ్తున్నాడని జడ్సన్ నవ్వాడు. పాతవాళ్ళకు మనిషికి మూడు సీట్లు. మా కోడలు మోనికాకు ఆ రోజు హాస్పిటల్లో డ్యూటీ పడింది. ఆమె సీటు సువార్తకు ఇచ్చారు.

నా భయమల్లా ఒక్కటే. ఈ దేశం దాటి బయటికెళ్ళిన సువార్తను మళ్ళీ లోపలికి రానిస్తారా?

ఆ వారమంతా అదే అడిగాను. జడ్సన్‌ను అడిగితే, "అమ్మా, ఆ సంగతి రహమతుల్లా చూసుకుంటాడు," అన్నాడు, పేపర్లోంచి తల ఎత్తకుండా. మోనికాను అడిగితే, "ఆయన్నే అడగండత్తయ్యగారూ, నాకు డ్యూటీకి టైమవుతోంది," అంది. సువార్తనే అడిగితే, "నలభై ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో నిలబడ్డానక్కా. నీ భయం తీసుకొచ్చి నాకంటించకు," అంది.

చివరికి రహమతుల్లాకే ఫోన్ చేయించాను. ఆయనది కరీంనగర్. కంపెనీ పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి. ఏ ఆఫీసులో ఏ ముద్ర వేయించాలో ఆయనకే తెలుసంటారు.

"పరేషాన్ గాకు అమ్మా," అన్నాడు. "మీకు, జడ్సన్ సాబ్‌కు ఖురూజ్ కావాలె, అది తీసిన. మీ చెల్లెకు గదిగూడ అక్కర్లేదు. ఆమె విజిట్ మీదున్నది గదా. రాణి లెక్క పోవచ్చు."

"పోవడం సరే బాబూ. రావడం?"

"అన్నీ నేను జూసుకుంట. నేన్గూడ వస్తున్న గదా మీతోని."

ఖురూజ్ అంటే బయటికెళ్ళడానికి యజమాని సంతకం. అది లేకుండా ఇక్కడ పనిచేసేవాడు విమానమెక్కలేడు. ఆ సంతకం ఆలస్యమై తల్లి అంత్యక్రియలకు అందనివాళ్ళను నేను చూశాను. అందుకే ఇక్కడ మనవాళ్ళు నలుగురు కూర్చుంటే మాట ఎప్పుడూ వెళ్ళడం గురించే, ఖురూజ్ వచ్చిందా, సంతకమైందా అని. సువార్తకు అది కూడా అక్కర్లేదని తెలిసి, ప్రార్థనకొచ్చిన వాళ్ళంతా ఆమెను ఎంత అదృష్టవంతురాలివమ్మా అని మెచ్చుకున్నారు. నేను మళ్ళీ నోరు తెరిచేసరికి జడ్సన్ విసుక్కున్నాడు.

"అమ్మా, ఇంక చాలు. అందరి ముందూ అదే పాట."

నేను బడికి వెళ్ళలేదు. పచారీ కొట్టు పొట్లాలు విప్పి, ఆ కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. తెలుగులో ఏది దొరికినా వదలను. ఆమె పాస్‌పోర్టులో వేసిన అరబ్బీ ముద్ర మాత్రం నాకు చీమల బారులాగే కనపడింది. చదువుకున్న వాళ్ళందరూ ఏం కాదంటుంటే ఇంకేం చేయను? మా నాన్న కాకినాడలో రంగూన్ ఓడ ఎక్కినప్పుడు కూడా ఏం కాదనే అన్నారట. మా ఆయన రెండు రోజుల్లో వచ్చేస్తానని కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడూ ఏం కాదనే అన్నారు.

*

జనవరిలో మూడో శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. శుక్రవారం మా ఆరాధన. ఆ రోజు ప్రభువు బల్ల కూడా ఉంది, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే రోజు. బల్లకు కావలసిన ద్రాక్షారసం దోహాలో నేనే తయారుచేస్తాను. కిస్‌మిస్ రాత్రంతా నానబెట్టి, మరిగించి, పలచటి గుడ్డలో వడగడతాను. డ్యూటీకెళ్తూ ఆరాధన దగ్గర ఇచ్చేయమని సీసా మోనికా చేతికిచ్చి, ఆరాధన మానుకుని విందుకెళ్తున్నందుకు మనసులోనే గొణుక్కుంటూ కారెక్కాను.

విమానం నిజంగానే చిన్నది, మా ఊరి మినీ బస్సంత. కిటికీ పక్క సీటు సువార్తకిచ్చాను. నాకు కిందికి చూడాలంటే భయం. ఇద్దరి మధ్యా నడవడానికి దారి, వెనక సీట్లో ఫోర్‌మన్ చిన్నప్ప. ఆయనది చిత్తూరు వైపు. పొద్దున్నుంచీ ఆయన నోటికి మూతలేదు.

"కరుణమ్మక్కా, కండ్లు మూసుకుంటే టికెట్టు దండగ. తెరిచి చూడు, మన దోహా ఎంతుందో. అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది."

"ఏమోనయ్యా, నువ్వు చూసి చెప్పు."

సువార్తే చెప్పింది. అద్దానికి ముక్కు ఆనించి, చిన్నపిల్లలా, ఒక్కొక్కటీ చెప్పింది. "అక్కా, సముద్రం ఒడ్డు విల్లులా వంగి ఉంది. అక్కా, ఇదిగో ఉమ్ సలాల్ అట, ఇసకలో ఆకుపచ్చ అతుకులు వేసినట్టు తోటలు. అక్కా, ఇంక నీళ్ళు. అబ్బ, ఇన్ని రంగులా నీళ్ళకి!"

ఆమె గొంతు విని ఆగలేక నేనూ అటు వంగి చూశాను. లోతులేని నీళ్ళు, కింద ఇసక మడతలు కూడా కనపడుతున్నాయి. ఒక చోట నీళ్ళలో తడికెలు బాణం గుర్తులా పాతి ఉన్నాయి. ఆటుకు నీళ్ళు తీస్తే చేపలు ఆ మూలలో చిక్కుకుంటాయని చిన్నప్ప చెప్పాడు.

"లోపలికి దారి ఇంత వెడల్పు, బయటికి దారి లేదు," అన్నాడు.

"కంపెనీ వాళ్ళు దీన్ని చూసే మనల్ని పెట్టుకున్నారేమో," అంది సువార్త. విమానమంతా నవ్వింది. ముందు సీట్లో హార్డింగ్ దొర ఏమన్నదని అడిగితే జడ్సన్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన వెనక్కి తిరిగి సువార్తను పరకాయించి చూశాడు. ఉద్యోగం ఇక్కడే పోగొట్టుకునేలా ఉంది మా పిల్ల.

దిగాక రహమతుల్లా పాస్‌పోర్టులన్నీ రబ్బరుబ్యాండు వేసిన కట్టగా కౌంటరు మీద పెట్టాడు. అందరికీ కలిపి ఒక్క రోజు వీసా. టకటకా ముద్రలు కొట్టి పంపేశారు.

"చూసినవా అమ్మా? నువ్వు ఉత్తగనే బుగులు పడ్డవ్," అన్నాడు నాతో.

"ఇది వాళ్ళ దేశం బాబూ. మన దేశం సంగతి నేనడిగేది."

"మన దేశం ఇండియా గదమ్మా," అని నవ్వి వెళ్ళిపోయాడు.

నవ్వులకేం కొదవ లేదు ఆ రోజు.

*

ఆ తోట ఒక లెబనాన్ ముసలాయనది. ఖర్జూరపు చెట్ల మధ్య పెద్ద ద్రాక్ష పందిరి. చలికాలం కాబట్టి ఆకు రాలి, తీగలు కట్టెల్లా ఉన్నాయి. పందిరి కింద పొడుగాటి బల్లలు, గోడవారగా పీపాలు. పీపాల్లోది వాళ్ళ దేశంలో చేసి తెచ్చిందట, ఈ ఇసకలో అంత పంట ఎక్కడ పండుతుంది! తినడానికి మేకమాంసం, కాల్చిన చేపలు, రొట్టెలు, ఆలివ్ కాయలు. బాగానే ఉన్నాయి.

ముందు ఆ ముసలాయన ఒక్కో సీసా తెరిచి, గ్లాసు అడుగున కాస్త పోసి, అది ఏ కొండ మీద పండిందో చెప్పేవాడు. దొరా, ఆయన మనుషులూ దాన్ని వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కనున్న రాగి పాత్రలోకి ఊసేశారు.

నేను నిర్ఘాంతపోయాను. "ఒసే సువార్తా, ఊసేస్తున్నారేమిటే!"

"రుచి చూడ్డమట అక్కా. మింగితే పదో సీసా దాకా నిలబడలేరట."

"మనం కిస్‌మిస్ ఉడకబెట్టి చెమ్చాతో కొలిచి పంచుతాం. వీళ్ళు అసలుదాన్ని కుండల్లోకి ఊస్తున్నారు!"

"గట్టిగా అనకు. నన్ను చూడ్డానికి పిలిచింది ఆ ఊసే ఆయనే."

ఆయన నిజంగానే వచ్చి మా ఎదుట కూర్చున్నాడు. ఎర్రటి మొహం, తెల్ల మీసం. ఏవో రెండు మూడు అడిగాడు, సువార్త ఇంగ్లీషులోనే చెప్పింది. జడ్సన్ నా చెవిలో తెలుగు చేస్తూ ఉన్నాడు.

"జూలైలో ఒకే రోజు నలభై మంది వడదెబ్బతో వస్తే మొదట ఏం చేస్తావని అడుగుతున్నాడమ్మా."

సువార్త గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగి సమాధానం చెప్పింది. జడ్సన్ మొహం పాలిపోయింది.

"ఏమందిరా?"

"నలభై మందిని ఆ ఎండలోకి ఎవడు పంపాడో, మొదట వాణ్ణి తిడతానంది."

దొర ఆమె వంక చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల మీద అరచేత్తో కొట్టి పగలబడి నవ్వాడు. రహమతుల్లాను కేకేసి ఏదో చెప్పాడు. రహమతుల్లా వచ్చి సువార్తకు సలాం కొట్టాడు.

"ముబారక్ అమ్మా! వచ్చే వారం సంది క్లినిక్ నీదే. రేపే నీ కాగితాలు పెడ్త."

నేను లేచి సువార్త తల మీద చెయ్యి వేశాను. మా ఇద్దరికీ మిగిలిన ఏళ్ళన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. పొద్దున ఆమె కంపెనీ బస్సు ఎక్కడం, సాయంత్రం నేను టీ పెట్టి ఉంచడం. చిన్నప్ప తన గ్లాసు పైకెత్తి, "కరుణమ్మక్కా, ఇప్పుడన్నా నవ్వు. ఫోటో తీస్తా," అన్నాడు. నవ్వాను కూడా.

ఆ గంటసేపు భయం మరిచిపోయాననే ఇప్పటికీ నాకు కడుపు మంట.

*

తిరుగు ప్రయాణానికి ఎయిర్‌పోర్టుకు చేరేసరికి పొద్దు వాలింది. అందరికీ నిద్రమత్తు, కొందరికి ఇంకో మత్తు. లెబనాన్ ముసలాయన మనిషికొక ద్రాక్షపళ్ళ బుట్ట ఇచ్చాడు, ఏ దేశం నుంచి తెప్పించాడో. రహమతుల్లా మళ్ళీ కట్ట కౌంటరు మీద పెట్టాడు. అక్కడున్న కుర్రవాడు ఒక్కొక్కటీ తిప్పుతూ, ఒకదాన్ని తీసి పక్కన పెట్టాడు. అది ఎవరిదో నేను చూడక్కర్లేకపోయింది.

"ఈమె ఖతార్ వీసా అయిపోయింది," అన్నాడు.

"మార్చి దాకా ఉంది," అన్నాడు జడ్సన్.

"ఒక్కసారి వెళ్ళడానికి ఇచ్చిన వీసా. వెళ్ళింది, బయటికొచ్చింది. ఖలాస్. దోహాలో దింపుకోరు, మేం ఎక్కించుకోం."

రహమతుల్లా ఆ పాస్‌పోర్టు లాక్కుని చూశాడు. అరబ్బీలో బతిమాలాడు, అరిచాడు, మళ్ళీ బతిమాలాడు. దోహాకు ఫోన్ చేశాడు. శుక్రవారం, ఆఫీసులన్నీ మూత. దొర వచ్చి కంపెనీ యజమాని ఇంటికి ఫోన్ చేయించాడు. ఆయన చలికాలం కాబట్టి డేగలు తీసుకుని ఎడారికి వెళ్ళాడట, గుడారంలో ఉన్నాడట, ఎప్పుడొస్తాడో ఇంట్లోవాళ్ళకే తెలియదట. దొర ఫోన్ పెట్టేసి, వెరీ సారీ అని సువార్తతో అని, తన బుట్ట తీసుకుని విమానం వైపు వెళ్ళిపోయాడు.

నేను రహమతుల్లా చొక్కా పట్టుకున్నాను. నా జన్మలో పరాయి మగాడి చొక్కా పట్టుకున్నది అప్పుడే.

"నేనడిగానా లేదా?"

"అడిగినవమ్మా."

"నువ్వేమన్నావ్?"

"పోనీకి ఖురూజ్ అక్కర్లేదన్న."

"వచ్చేదానికి ఏం కావాలని కదయ్యా నేనడిగింది!"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు పోవుడు సంగతే ఎరుకమ్మా. ఇరవై ఏండ్ల సంది నా దగ్గరికి వచ్చి ఏడ్చినోళ్ళంత ఇంటికి పోనీకే ఏడ్చిన్రు. వచ్చెటోళ్ళందరికి అకామా, గదే రెసిడెన్సు కాగితం, ఉంటది, ఎవ్వర్ని ఆపంగ చూడలే. గందుకే నాకు ఆ సోయి రాలే."

ఆయన మీద కోపం కూడా నిలవలేదు. జడ్సన్ మీదికి తిరిగాను. "ఒరే, నేనిక్కడే ఉంటా చెల్లెలితో. రేపు ఎడారిలోంచి ఆయనొస్తాడు, సంతకం పెడతాడు, ఇద్దరం కలిసే వస్తాం."

"కుదరదమ్మా. ఇక్కడి వీసా ఈ సాయంత్రంతో సరి. ఎవరూ ఉండడానికి లేదు. పిన్నిని బొంబాయి విమానం ఎక్కిస్తారు. నువ్వు కూడా అటు వెళ్ళిపోతే నీ రెసిడెన్సు ఏమవుతుందో, మళ్ళీ నిన్నెప్పుడు తెచ్చుకోగలనో..."

"మరి ఆమెను ఒక్కదాన్ని వదిలేయమంటావా?"

"రహమతుల్లా ఉంటాడు ఎక్కించేదాకా. ఆయనకు ఈ ఎయిర్‌పోర్టులో తెలిసినవాళ్ళున్నారు, ఆయనొక్కణ్ణి లోపలే ఉండనిస్తారు. అమ్మా, విమానం మనకోసమే ఆగింది. దయచేసి..."

వెనకనుంచి ఎవరో "యల్లా, యల్లా" అని, త్వరగా పదమని కేకలు. ఆ కేకలు వేసినవాడి నోట్లోంచి గుప్పుమని వైన్ వాసన. వారమంతా నా మాటకు తల ఎత్తనివాళ్ళు, ఇప్పుడు నా కాళ్ళు కదలడం లేదని విసుక్కుంటున్నారు.

సువార్త మాత్రం కౌంటరుకు ఆనుకుని, తువాలుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది. ఏడవలేదు. థియేటర్లో కూడా అలాగే నిలబడేదేమో.

"వెళ్ళక్కా. పాపం ఆ డ్రైవరు ఎదురుచూస్తున్నాడు."

"డ్రైవరు కాదే, పైలట్టు."

"ఏదో ఒకటి. ఆ ఏడుపుమొహం పెట్టకు. నువ్వన్నదే నిజమైంది కదా, సంతోషించు. ఇన్నేళ్ళకు ఒక్కసారన్నా మా అందరిమీదా గెలిచావు."

"నాకెందుకే ఈ గెలుపు!"

"దొర ఉద్యోగం ఇచ్చాడుగా. కొత్త వీసాతో నెలలో వస్తా. నా మంచం తీసి అవతల పడేయమాక."

జడ్సన్ నా భుజం పట్టుకుని నడిపించాడు. అద్దాల తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆమె రహమతుల్లాకు ఏదో గట్టిగా చెబుతోంది, బహుశా ఏడవొద్దని. ఆయన భుజాలు ఎగసిపడుతున్నాయి.

విమానంలో ఆమె సీట్లో ఎవరో ద్రాక్షపళ్ళ బుట్టలు పేర్చారు. తీయమన్నాను. చోటు లేదన్నారు. కింద సముద్రం ఏ రంగులో ఉందో నాకు తెలియదు.

*

ఆమె సూట్‌కేసు ఊరెళ్ళే వాళ్ళెవరి చేతనో పంపించాం. ఎడారి నుంచి యజమాని తిరిగొచ్చాడు. బయటికెళ్ళిపోయిన మనిషికి కొత్తగా కాగితాలు పెట్టాలంటే వయసు ఎక్కువన్నారు. రంజాను వచ్చింది, తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత దొర బదిలీ అయ్యాడు. కొత్త మేనేజరుకు సువార్త ఎవరో తెలియదు. క్లినిక్‌లో ఒక మలయాళీ అమ్మాయిని పెట్టుకున్నారు. జడ్సన్ మళ్ళీ విజిట్ వీసాకు పెట్టాడు. మొదటిసారి కుదరదన్నారు, రెండోసారి అసలు జవాబే రాలేదు. నన్నన్నా ఊరికి పంపరా అంటే, సెలవు దొరకనీ అమ్మా, కలిసి వెళ్దాం అన్నాడు. ప్రతి ఆదివారం ఫోన్‌లో సువార్త మాత్రం నవ్వుతూనే ఉండేది, అక్కడ ఇంకా ఊస్తున్నారా మింగుతున్నారా అని అడిగేది. జడ్సన్‌కు సెలవు తొంభై అయిదు సెప్టెంబరులో ఇచ్చారు.

మా చెల్లెలు సువార్త ఖతార్‌కు మళ్ళీ రాలేదు. 1995 ఆగస్టు తొమ్మిదిన, బుధవారం, తను పనిచేసిన ఆసుపత్రిలోనే చనిపోయింది.